ఆగస్టు నాగా

ఈ పని చేసింది మీరే. ఇంకొకరి మీదికి నెట్టకండి. మొగుడితో ఒక కప్పు కింద బతకాలంటే ఆడమనిషి ఏడాదికి ఇరవై తొమ్మిది వేల పౌండ్లు సంపాదించాలని, అంతకు ఒక్క పౌండు తగ్గినా ఆమె మొగుణ్ణి దేశంలో అడుగు పెట్టనివ్వమని ఇంగ్లండ్‌లో కూర్చుని గీత గీసింది మీరే. గీసినవాళ్లూ, చేతులెత్తి ఒప్పుకున్నవాళ్లూ, ‘రూల్ అంటే రూలే కదా’ అని ఇక్కడ చాయ్ తాగుతూ తలూపిన పెద్దమనుషులూ, అందరూ వినండి. మీకు అది కాగితం మీద అంకె. సూరత్‌లోని ఉధ్నాలో అది ఒక పిల్ల మీద పడింది.

ఉధ్నా స్టేషన్ దాటితే అన్నీ సాంచాల షెడ్లే. మరమగ్గాన్ని అక్కడి తెలుగువాళ్లు సాంచా అంటారు. అలాంటి ఒక షెడ్డులో కింద ముప్ఫై రెండు సాంచాలు, పైన రెండు గదులు. ఆ రెండు గదుల్లో శివకృష్ణ, వాళ్లమ్మ ఎల్లవ్వ, కాలేజీకి పోయే చెల్లెలు విజయశ్రీ. సిరిసిల్ల దిక్కు నుంచి తాత వలస వచ్చాడు, తండ్రి సాంచాలు నడిపి పోయాడు, శివకృష్ణ అదే షెడ్డులో మాస్టర్ అయ్యాడు. బడిలో పాఠం చెప్పే మాస్టర్ కాదు, ఆగిన సాంచాను విప్పి మళ్లీ నడిపించే మాస్టర్.

హారతి అదే గల్లీ పిల్ల. వాళ్ల నాన్న నరహరిదీ సాంచాల బతుకే. నర్సింగ్ చదివి ఇంగ్లండ్ పోయి, ముసలివాళ్లను చూసుకునే ఒక నర్సింగ్ హోమ్‌లో చేరింది. ఐదేళ్లు ఒళ్లు వంచి పనిచేసి, అక్కడ శాశ్వతంగా ఉండే హక్కు సంపాదించుకుని సూరత్ వచ్చి, ఎవరెవరో చూపిన సంబంధాలన్నీ కాదని శివకృష్ణను చేసుకుంది. ఇంటర్ చదివేటప్పుడు తన సైకిల్ చైన్ ఊడితే రోజూ ఎక్కించినవాడు అతనే. ఆ చైన్ రోజూ ఎందుకు ఊడుతుందో అప్పట్లో అతనికి అర్థం కాలేదు.

పెళ్లయ్యాక షెడ్డులో సోమలింగం అతణ్ణి వదిలిపెడితే ఒట్టు. అరవై దాటిన మనిషి, ఆరు సాంచాలు నడుపుతాడు, నోరు ఏడోది.

“ఏంరా శివా, ఇల్లరికం పోతున్నవట? మా కాలంల పక్కూరికి పోయెటోళ్లు. నువ్వు సముద్రమే దాటుతున్నవ్ గద!”

“నా పెండ్లాం పిలుస్తుంది, పోత మామా. నిన్నెవరన్న పిలిచిన్రా?”

“మీ అత్త పిలుస్తది వంటింట్ల నుంచి. ఆడికి పోవుడే నాతోని అయితలేదు.”

అప్పుడందరూ నవ్వారు. నవ్వడానికి కారణం ఉంది. పెళ్లినాటికి మొగుణ్ణి రప్పించుకోవడానికి కావలసిన సంపాదన పద్దెనిమిది వేల ఆరు వందల పౌండ్లే. హారతికి అంతకంటే ఎక్కువే వచ్చేది. వీసా ఫీజులకు కూడబెట్టుకుంటూ ఏడాది గడిచింది. ఆలోపు హారతి కడుపుతో ఉండి అక్కడే బిడ్డను కన్నది. బిడ్డకు మూడు నెలలు నిండినప్పుడు, ఆమె పాలిస్తూ ఇంట్లో ఉన్నప్పుడు, గీతను ఒక్క దెబ్బకు ఇరవై తొమ్మిది వేలకు జరిపారు.

బిడ్డ పుట్టాక హారతి వారానికి మూడు రోజులే డ్యూటీ చేయగలిగేది. పిల్లను చూసేవాళ్లు లేరు. డబ్బు పెట్టి చూపించాలంటే జీతమంతా అక్కడే పోతుంది. మూడు రోజుల జీతం గీతను అందదు.

“నువ్వుంటే నేను నిండు డ్యూటీ చేస్త. నేను నిండు డ్యూటీ చేస్తెనే నువ్వొస్తవ్. ఇప్పుడు ఏం చేద్దామంటవ్ చెప్పు,” అంది హారతి ఫోన్‌లో.

శివకృష్ణ అన్నాడు: “బిడ్డను నాకు తెచ్చియ్యి. ఆరు నెలలు నేను సాకుత.”

“నువ్వా?”

“నేనే. అవ్వ ఉంది, చెల్లె విజ్జి ఉంది.”

“పాలసీసా ఇప్పి కడిగి మళ్ల పెట్టొస్తదా నీకు?”

“సాంచా మొత్తం ఇప్పి పెట్టేటోనికి సీసా రాదా?”

“సాంచా ఏడ్వది శివా,” అంది హారతి. అంటూ తనే ఏడ్చింది.

వీసాకు చూపించవలసింది ఆరు నెలల జీతం చీటీలు. వరసగా ఆరు. ఒక్కొక్కటీ నిండు డ్యూటీ చీటీ. మార్చిలో హారతి పిల్లను తీసుకుని వచ్చింది. పాస్‌పోర్టులో ఏదో షోకు పేరు ఉందిగానీ, ఎల్లవ్వ వాకిట్లో దిష్టి తీస్తూనే తన అత్త పేరు పెట్టేసింది: చిన్నవ్వ. పద్నాలుగు నెలల చిన్నవ్వ తండ్రిని అంతవరకు ఫోన్ అద్దం వెనకాలే చూసింది. చెయ్యి చాపితే అందే మనిషి అతనని తెలిసి బెదిరి, తల్లి మెడలో మొహం దాచుకుంది. శివకృష్ణ ముట్టుకోలేదు. మూడు రోజులు దూరంగా కూర్చుని, చేతిలో స్పానర్ తిప్పుతూ, అసలు పిల్లను చూడనట్టే నటించాడు. నాలుగో రోజు ఆ స్పానర్ కోసం పిల్లే వచ్చింది.

పదో రోజు హారతి వెళ్లిపోయింది. పోయేముందు గోడకు ఒక కాగితం అంటించింది. ఎన్ని గంటలకు ఏం తినిపించాలో, జ్వరమొస్తే ఏ మందు ఎంత వేయాలో నర్సు రాసినట్టే రాసింది. అడుగున మాత్రం రాత మారింది. ‘ఏడిస్తే ఎత్తుకో. ఎందుకని అడగకు.’

మొదటి వారం చిన్నవ్వ ఏడుస్తూనే ఉంది. కింద ముప్ఫై రెండు సాంచాలు ఒక్కసారి మొదలైతే పై గది నేల అదురుతుంది, గోడకున్న గిన్నెలు మోగుతాయి. నిశ్శబ్దమైన దేశంలో పుట్టిన పిల్ల ఉలిక్కిపడి గుక్కపట్టేది. శివకృష్ణ భుజాన వేసుకుని తిరిగేవాడు. ఎందుకని అడగలేదు. రెండో వారానికి ఏడుపు ఆగింది. నెల తిరిగేసరికి కథ అడ్డం తిరిగింది. సాంచాల చప్పుడు లేకపోతే పిల్ల నిద్రపోవడం మానేసింది.

వారానికొకసారి షెడ్డుకు ఛుట్టీ. ఆ రోజు మధ్యాహ్నం గల్లీ అంతా చప్పుడు లేకుండా పడుకుంటే, చిన్నవ్వ ఒక్కతే కళ్లు పెద్దవి చేసుకుని పైకప్పును చూస్తుండేది. శివకృష్ణకు తట్టింది. మంచం పక్కనున్న ఇనప పెట్టె మీద రెండు అరచేతులతో సాంచా నడిచే వరస వాయించాడు. టకటక్, టకటక్, మధ్యలో దారం మోసే నాడె అటు పోయి తిరిగి వచ్చేంత సందు, మళ్లీ టకటక్. పిల్ల రెప్పలు వాలాయి.

“ఏందిరా గిది?” అంది ఎల్లవ్వ వాకిట్లోంచి. “పిల్లకు జోలపాట పాడుమంటే సాంచా నడిపిస్తున్నవ్?”

“నాకు వచ్చిన పాట గిదే అవ్వా.”

“ఇంగ్లండుకు పెట్టె గూడ మోసుకపోవాలె ఇగ,” అని నవ్వింది విజయశ్రీ. “ప్లేన్‌లో ‘భాయ్, యే క్యా హై’ అంటే ఏం చెప్తవ్ అన్నా?”

“మా పిల్ల నిద్ర అని చెప్త.”

ఏప్రిల్ చీటీ వచ్చింది. మే వచ్చింది. జూన్, జూలై. ప్రతి నెలా హారతి చీటీని ఫోటో తీసి పంపేది, శివకృష్ణ పిల్ల ఫోటో పంపేవాడు. ఆమెకు తెలుస్తూనే ఉంది, ఫోటోల్లో పిల్ల తండ్రికి దగ్గరవుతున్న కొద్దీ తనకు దూరమవుతోందని. ఆ మాట ఎప్పుడూ అనలేదు. ‘బొద్దుగైంది’ అనేది, అంతే.

ఆగస్టులో వానలు దంచి కొట్టాయి. గల్లీలో నీళ్లు నిలిచాయి. ఇంటికొకరు డెంగీతో పడుకున్నారు. చిన్నవ్వకూ వచ్చింది. మూడో రోజుకు పిల్ల ఒళ్లు కాలిపోతూ, స్పానర్ ఇచ్చినా పట్టుకోలేదు. దవాఖానాలో చేర్చుకుని, రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్నారు.

శివకృష్ణ వార్డు బయట నిలబడి హారతికి ఫోన్ చేశాడు. ఆమె ఏడవలేదు. నర్సులాగా అడిగింది: కౌంట్ ఎంత, మూత్రం వస్తోందా, పెదాలు ఎండిపోయాయా, చిగుళ్లలో రక్తం ఉందా. అన్నీ విని నెలలు లెక్కపెట్టుకుంది.

“ఐదో నెల నడుస్తుంది శివా,” అంది చివరకు. “ఇదీ, వచ్చేదీ అయిపోతే ఆరు. ఇప్పుడు సెలవు పెడితే పగార్ ఇయ్యరు. ఈ నెల చీటీ తగ్గుతది.”

“నువ్వు రా హారతీ.”

“మన కష్టమంతా...”

“నాగా పడితే పడనీ. వచ్చే నెల భర్తీ చేసుకుందువు. ఎక్కువ డ్యూటీలు ఎక్కు. లెక్క లెక్కే గద?”

ఇక్కడ ఆగాలి. తప్పు జరిగింది ఇక్కడే, దానికి వీళ్లను తప్పుపట్టేవాడు ముందు ఒక నెల సాంచాల మధ్య నిలబడి రావాలి. సాంచాల మీద బతికేవాళ్లకు పనికి రాని రోజు నాగా. ఒంట్లో బాగోలేక, ఊళ్లో చావో పెళ్లో వచ్చి, మనిషన్నాక నాగా పడుతుంది. తిరిగొచ్చి రెండు షిఫ్టులు నిలబడి, పోయిన మీటర్లన్నీ నేసి పడేస్తే భర్తీ. సేటు మొత్తం మీటర్లు చూసుకుంటాడు, ఏ రోజు నేశావని అడగడు. నరహరి బతుకంతా అట్లాగే గడిచింది. ఆ లెక్కలో పుట్టి పెరిగిన హారతికి అందులో అనుమానపడవలసిందేమీ కనిపించలేదు. ఇద్దరిలో ఎవరూ ఇంకొకరిని అడగలేదు. నాగా భర్తీ అవుతుందా అని అడగడమంటే నీళ్లు తడుపుతాయా అని అడగడమే.

హారతి రెండో రోజుకు వచ్చేసింది. స్టేషన్ నుంచి నేరుగా వార్డుకు, చక్రాల పెట్టెతో సహా.

చిన్నవ్వ ఆమెను చూసి తండ్రి చొక్కా గట్టిగా పట్టుకుంది. హారతి చెయ్యి చాపితే మొహం తిప్పుకుంది. విజయశ్రీ “ఎవరొచ్చిన్రో చూడే” అని మురిపెంగా అడిగితే, గల్లీలో నేర్చిన మాట నీరసంగా అన్నది: “ఆంటీ.”

హారతి నవ్వబోయింది. “ఆడ మా హోమ్‌ల తొంబయ్యేండ్ల ముసలామె ఉంది శివా. మతి లేదు. నన్ను వాళ్లమ్మ అనుకుని చెయ్యి ఇడువది. ఈడ నా బిడ్డ నన్ను ఆంటీ అంటది.”

శివకృష్ణ నీళ్ల సీసా మూత తీసి ఆమెకిచ్చాడు.

పిల్ల నిద్రపోవడం లేదు. వార్డులో ఒక పక్క మూలుగులు, ఒక పక్క ఫ్యాన్, సాంచాల చప్పుడు మాత్రం లేదు. ఇనప పెట్టె ఇంట్లో ఉంది. శివకృష్ణ గోడ మీద వాయించి చూశాడు, గోడ పలకలేదు. మందులు తేవడానికి కిందికి పోయి పావుగంటకు తిరిగొచ్చేసరికి వార్డు తలుపు దగ్గరే ఆగిపోయాడు.

హారతి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. మంచం ఇనప కమ్మీ మీద వేళ్ల కణుపులతో, చేతి గాజు తగిలేటట్టు, సాంచా వరస వాయిస్తోంది. టకటక్, టకటక్, సందు, టకటక్. ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా ఆ చప్పుడు మీదే నిద్రపోయి పెరిగింది, అంతే. చిన్నవ్వ తల పక్కకు తిప్పి ఆ చేతిని చూస్తోంది. కాసేపటికి సూది లేని చెయ్యి చాపి గాజును పట్టుకుంది. చప్పుడు ఆగింది. పిల్ల చిరాకుగా గాజును వదిలి, మళ్లీ వాయించమన్నట్టు కమ్మీని తట్టింది.

శివకృష్ణ లోపలికి పోలేదు. మందుల సంచి పట్టుకుని తలుపు బయటే నిలబడ్డాడు. లోపలికి పోతే తన చొక్కా గుర్తొస్తుంది పిల్లకు.

నాలుగు రోజులకు కౌంట్ లేచింది. హారతి పదకొండో రోజు తిరిగి బయలుదేరినప్పుడు చిన్నవ్వ ఆమెను అమ్మా అనలేదుగానీ, ఆంటీ అని కూడా అనలేదు. వెనకాలే గుమ్మం దాకా నడిచి వెళ్లి, అక్కడ కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు హారతికి ఇంగ్లండ్ దాకా చాలింది.

సెప్టెంబరులో ఆమె చేయని డ్యూటీ లేదు. పండగలకు, ఆదివారాలకు, వేరేవాళ్లు వద్దన్నవాటికి అన్నింటికీ నిలబడింది. ఆగస్టూ సెప్టెంబరూ కలిపితే గీత దాటి ఇంకా మిగిలింది. భర్తీ అయింది. అక్టోబరులో కాగితాలన్నీ పెట్టారు. సెప్టెంబరులో అరిగిన ఒంటికి తెరిపి ఇవ్వడానికి హారతి అప్పటినుంచి డ్యూటీలు తగ్గించుకుంది.

కొత్త సంవత్సరం వచ్చాక జవాబు వచ్చింది. విజయశ్రీ ఫోన్‌లో చదువుతూ చదువుతూ మెట్ల మీద కూర్చుండిపోయింది.

“ఏమైంది విజ్జీ?”

“రిజెక్ట్ చేసిన్రు అన్నా.” మళ్లీ చదివింది. “ఆరు నెలల్ల అన్నిటికన్న తక్కువ పగార్ ఏ నెలల వచ్చిందో ఆ ఒక్క నెలనే పట్టుకుని, ఏడాది మొత్తం అంతే వస్తదని లెక్క కడతరట. ఆగస్టు తక్కువుంది గద. అదే పట్టుకున్నరు.”

“సెప్టెంబరు?”

“అది చూడరట.”

సోమలింగం తన ఆరు సాంచాలూ ఆపేసి వచ్చాడు. అతను సాంచాలు ఆపడం శివకృష్ణ ఎన్నడూ చూడలేదు. సంగతి విని అన్నాడు: “మన సేటు సగం దొంగరా. కానీ వాడు గూడ భర్తీ ఒప్పుకుంటడు.”

వీసాల కాగితాలు నింపే ఏజెంటు దగ్గరికి వెళ్తే, అతను కుర్చీ ఊపుతూ చెప్పాడు: “చాల్‌సే, చాల్‌సే, నడుస్తది, టెన్షన్ తీస్కోకు. మళ్ల ఒకటి నుంచి ఆరు చీటీలు లెక్కపెట్టు. ఆగస్టు సంగతి ఎత్తనే ఎత్తకు. పిల్లకు జ్వరమని ఏడిస్తే వాళ్లకేంది?”

ఆ రోజు సాయంత్రం హారతి ఫోన్ చేసినప్పుడు శివకృష్ణ ముందే చెప్పేశాడు: “తప్పు నాది. నేనే రమ్మన్న. భర్తీ అన్న.”

“నువ్వు రమ్మనకున్నా వచ్చేదాన్ని.”

“నేనడ్డం చెప్పాల్సింది.”

“చెప్పుంటే నీతోని మాట్లాడకపోయేదాన్ని.” అంది హారతి. “మళ్ల ఆరు నెలలంటే, ఆ కాగితాలు తేలేసరికి దానికి మూడేండ్లొస్తయి శివా. నేను తీసుకొచ్చుకుంటే మళ్ల మూడు రోజుల డ్యూటీ, నువ్వు ఎన్నటికీ రావు. ఆడనే ఉంచితే నన్ను మర్చిపోతది. ఆడ నుంచి తెస్తే నిన్ను మర్చిపోతది. దాని మతిల నుంచి ఎవరు పోవాల్నో మనమే ఎంచుకోవాల్నట.”

పక్క గదిలోంచి ఎల్లవ్వ వింటూనే ఉంది. “ఆ కొలువు ఇడిచిపెట్టి ఇంటికి రమ్మనురా. ఈడ దవాఖాన్లు లేవా?”

రమ్మంటే హారతి వస్తుంది. ఆ సంగతి శివకృష్ణకు తెలుసు. అందుకే ఆ మాట అతని నోటి నుంచి రాలేదు. ఒంటరిగా ఎనిమిదేళ్లు నిలబడి సంపాదించుకున్న చోటును, తన మీద ప్రేమ ఉన్న పాపానికి వదిలెయ్యమని ఎలా అంటాడు?

“హారతీ, ఏజెంటు ఆగస్టును దాచిపెట్టుమంటుండు.”

“నువ్వేమంటవ్?”

“దొంగతనం చేసినమా దాచెతందుకు? బిడ్డ పక్కన కూసున్నవ్. అదే రాద్దాం. అప్పీల్ చేద్దాం. ఓడిపోతే ఓడిపోయినం, కానీ ఆ నెల నాది కాదని నేనన.”

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు. “రాయి,” అంది హారతి. “నేను సంతకం పెడుత.”

మర్నాడు ఛుట్టీ. విజయశ్రీ ల్యాప్‌టాప్ ముందు పెట్టుకుని కూర్చుంది. శివకృష్ణ చిన్నవ్వకు అన్నం తినిపిస్తూ ఒక్కో మాటా తెలుగులో చెప్పాడు, ఆమె ఇంగ్లీషులోకి మార్చింది.

“మొదట్ల ‘దయచేసి’ అని పెడుత అన్నా.”

“ఎందుకు?”

“అందరూ అట్లనే రాస్తరు.”

“అందరూ అట్లనే రాసినందుకే గిట్లున్నది. తీసెయ్.”

“మరి ఆఖర్ల థాంక్యూ అన్న పెట్టాలె గద?”

“వాళ్లు ఇచ్చినంక పెడుదాం. ఇప్పుడు రాయి.”

చిన్నవ్వ నోటిలో ముద్ద పెట్టి, మూతి తుడిచి, శివకృష్ణ చెప్పడం మొదలుపెట్టాడు.

“ఆగస్టుల నా భార్య పదకొండు రోజులు పని చెయ్యలేదు. నిజమే. మా బిడ్డకు డెంగీ వచ్చి దవాఖాన్ల ఉంటే పక్కన కూసున్నది. ఆ బిడ్డ మీ దేశపు బిడ్డ, మీరిచ్చిన పాస్‌పోర్టే ఉన్నది. సెప్టెంబరుల ఆ పదకొండు రోజుల పని మొత్తం చేసింది. మేం మీ మాఫీ అడుగుతలేం. ఆగస్టును సెప్టెంబరుతోని కలిపి లెక్కపెట్టుమంటున్నం. నేను వస్తే పిల్లను నేను చూసుకుంట, ఆమె నిండు డ్యూటీ చేస్తది. అది గూడ లెక్కలేసుకోండి. ఇంక ఆరు నెలలు చూపిచ్చుమని మమ్ములను అడగొద్దు, మేం చూపియ్యం. తక్కువొచ్చిన నెలను పట్టుకుని మనిషిని కొలిచే ఆ రూల్ తీసెయ్యండి, మా ఒక్కరి కోసం కాదు, బిడ్డ పక్కన కూసున్న ప్రతి తల్లి కోసం. నాకు వీసా ఈ నెలల్నే ఇయ్యండి. ఇయ్యకపోతే, మా బిడ్డ తల్లిని మర్చిపోవాల్నో తండ్రిని మర్చిపోవాల్నో మీరే ఎంచి, కాగితం మీద రాసి, కింద మీ పేరు పెట్టి పంపుండి.”